రంగు లేని రంగుమందు

స్కాన్ గది ముందు కూర్చున్నవాళ్ళతో ఎవరూ పెట్టుకోకూడదు. పొద్దుట్నుంచి వాళ్ళ కడుపులో ఏమీ పడి ఉండదు, అడిగినదానికి ఎవరూ సరిగ్గా జవాబు చెప్పరు, లోపల ఏం తేలుతుందోనన్న భయం ఒకపక్క పీకుతూనే ఉంటుంది. తలుపు కాస్త కదిలితే చాలు, అందరూ ఒక్కసారే లేచి నిలబడతారు. సిస్టర్ తల బయటపెట్టి "ఇంకా టైముంది, కూర్చోండి" అంటే ఆవిణ్ణే తిట్టుకుంటారు. మరి మిషన్ని తిట్టలేరుగా.

ఆ రోజు సిస్టర్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. జోడీగా ఉండాల్సిన రెండో సిస్టర్ సెలవు పెట్టింది. నరం వెతికి సూది పెట్టడం, మందు ఎక్కించడం, స్కానయ్యాక సూది తీసి దూది అదిమి పంపించడం, మధ్యలో వార్డుల్నుంచి వచ్చినవాళ్ళని స్ట్రెచర్ మీంచి బల్ల మీదికి మార్చడం, అన్నీ ఈవిడే. మోకాళ్ళు పీకేస్తున్నాయి. తాగుదామని పెట్టుకున్న టీ మీద ఎప్పుడో తెట్టు కట్టింది.

పద్ధతి ప్రకారమైతే ఒకరి పని పూర్తయ్యాకే ఇంకొకర్ని పిలవాలి. అలా చేస్తే సాయంత్రానికి సగం మంది మిగిలిపోతారు. అందుకని ఆ గదిలో ఎప్పట్నుంచో ఒక అలవాటు పాతుకుపోయింది. ఒకరి చేతికి సూది పెడుతూనే, తర్వాతి పేషెంటు తాలూకు మనిషిని పిలిచి అడగాల్సినవన్నీ అడిగేస్తారు. ఈలోపు ఆ పేషెంటు తెర వెనక బట్టలు మార్చుకుంటూ ఉంటాడు. ఒంట్లో ఏముందో తెలిసినవాడు తెర వెనక, జవాబు చెప్పాల్సినవాళ్ళు తెర ముందు! అయినా ఇన్నాళ్ళూ బండి నడుస్తూనే వచ్చింది.

సిస్టర్ ఒక ముసలావిడ చేతికి రబ్బరు పట్టీ బిగించి, నరం కోసం వేళ్ళతో తడుముతూ, తల ఎత్తకుండానే పక్కన నిలబడ్డ ఇంకొకావిణ్ణి అడిగింది.

"లోపలున్నది మీవారేనా? కిడ్నీ మీద గడ్డేనా? షుగరుందా? ఎలర్జీలు గట్రా ఏం లేవుగా?"

ఆవిడ చేతుల్లో మొగుడి చొక్కా, కళ్ళజోడు, వాచీ, చంకలో ఫైలు. వరసగా మీద పడ్డ ప్రశ్నల్లో దేనికి ముందు చెప్పాలో తెలీక చివరిదాన్ని పట్టుకుంది.

"ఒకసారి వచ్చిందమ్మా. అప్పుడెప్పుడో కిడ్నీలో రాయని ఎక్స్‌రే తీశారు. దానికీ ఇలాగే రంగుమందేదో ఎక్కించారు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, మొహం ఇంత లావున..."

"ఎప్పుడు?"

"చాలా ఏళ్ళయింది. మా పిల్లలింకా బళ్ళో ఉన్నారు అప్పటికి."

"అయితే అది పాత మందు. ఇప్పుడు వేసేది వేరు. ఏం కాదు."

సరిగ్గా అప్పుడే నరం దొరికింది. సూది వెనక ఎర్రగా నెత్తురు కనబడేసరికి సిస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. పొద్దుట్నుంచి అనుకున్నట్టు జరిగిన పని అదొక్కటే.

"అది కాదు సిస్టర్, అప్పుడా డాక్టరుగారు ఏమన్నారంటే..."

"బయట కూర్చోండమ్మా. తలుపు వేసేయాలి."

ముసలావిడ స్కాన్ అయిపోయింది. తెర వెనక నుంచి ఆ రెండో ఆవిడ మొగుడు, ఫొటోగ్రాఫర్, వచ్చాడు. కాలేజీ ఎదురుగా చిన్న స్టూడియో ఉంది ఆయనకి, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు. సన్నటి మనిషి, నీట్‌గా దువ్విన జుట్టు. ఆసుపత్రి గౌను వెనక ముడి వేసుకోవడం చేతకాక రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని నడిచొచ్చాడు. సిస్టర్ ముడి వేసి, బల్ల మీద పడుకోబెట్టి, చేతికి సూది పెట్టి, రోజూ చెప్పేదే ఒక్క గుక్కలో చెప్పింది.

"మందు ఎక్కుతున్నప్పుడు ఒళ్ళంతా వేడిగా ఉంటుంది, బట్ట తడిసినట్టనిపిస్తుంది, తడవదు, అందరికీ అంతే, కంగారు పడకండి. ఊపిరి బిగపట్టమంటే బిగపట్టాలి. అస్సలు కదలకూడదు, ఇబ్బందైతే ఈ బంతి నొక్కండి, బయట గంట మోగుతుంది."

చేతిలో రబ్బరు బంతి పెట్టింది. ఆయన బుద్ధిగా పట్టుకున్నాడు.

రంగుమందంటారు గానీ దానికి రంగేమీ ఉండదు. అచ్చం నీళ్ళలాగే ఉంటుంది. నరంలో పడ్డాక స్కానులో తెల్లగా వెలుగుతుంది, అంతే. అద్దం ఇవతల టెక్నీషియన్ మీట నొక్కాడు. మందు పోయింది. బల్ల లోపలికెళ్ళి బయటికొచ్చింది.

"ఈయనెవరో గానీ బొమ్మలా పడుకున్నాడక్కా," అన్నాడు టెక్నీషియన్. "అందరూ ఇలా ఉంటే మనం చీకటి పడకుండా ఇంటికి పోవచ్చు."

ఇంకో రెండు విడతల ఫొటోలు తీయాలి. మధ్యలో చెయ్యి వాచిందేమో చూద్దామని సిస్టర్ లోపలికెళ్ళింది. వెళ్ళి ఆయన మొహం చూసింది. పెదవులు రెండూ ఉబ్బిపోయాయి. మెడంతా ఎర్రటి దద్దుర్లు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. గొంతులోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు. బంతి గుప్పిట్లోనే ఉంది, నొక్కలేదు. అంత అవస్థలోనూ మనిషి కదలకుండా కళ్ళు మాత్రం ఈవిడ వైపు తిప్పాడు.

ఆ తర్వాత సిస్టర్ చేసిన పనికి ఎవరూ వంక పెట్టలేరు. అరిచి డాక్టర్ని పిలిపించింది, ఆపద మందులుండే ఎర్ర ట్రే లాక్కుంది, తొడ కండలో ఎడ్రినలిన్ సూది పొడిచేసింది, మొహానికి ఆక్సిజన్ పెట్టింది, కాళ్ళ కింద దిళ్ళు తోసి ఎత్తు చేసింది. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చేసరికి ఈల చప్పుడు తగ్గుతోంది.

"ఎలర్జీల సంగతి అడిగావా?"

"అడిగాను సార్."

"ఏమన్నారు?"

బీపీ మిషను కుయ్యిమంది. ఇద్దరూ అటు తిరిగారు. ఆ ప్రశ్న అక్కడే గాల్లో ఉండిపోయింది. డాక్టరుగారు జవాబు తనంతట తనే అనేసుకున్నారు.

కాసేపటికి మనిషి తేరుకున్నాడు. డాక్టరుగారు బయటికొచ్చారు. ఆయనా పొద్దుట్నుంచి నిలబడే ఉన్నారు, ఆయన చొక్కా కూడా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఫొటోగ్రాఫర్ భార్య ఎదురొచ్చింది. పక్కన ఆవిడ ఆడపడుచు, ఫొటోగ్రాఫర్‌కి అక్క. తమ్ముడి స్కానని పొద్దున్నే వచ్చి కూర్చుంది.

"ప్రాణానికి భయం లేదు. కానీ ఏమ్మా, ఇలాంటివి ముందే చెప్పాలా వద్దా? మా సిస్టర్ అడిగింది కదా! మీరు నోరు విప్పకపోతే మాకెలా తెలుస్తుంది?"

భార్య నోరు తెరిచింది. సిస్టర్ మొహంలోకి చూసింది. సిస్టర్ తన చేతిలో ఉన్న ట్రే కేసి చూసుకుంది, అందులో ఏవో సర్దాల్సినవి ఉన్నట్టు. ఆవిడ నోరు మూసుకుంది.

"చెప్పలేదా?" ఆడపడుచు గొంతు కారిడారంతా వినబడింది. "ఏమే, చెప్పలేదా నువ్వు? నోట్లో ఏం పెట్టుకున్నావే?"

మర్నాడు డ్యూటీ ఎక్కేముందు సిస్టర్ మేడ మీద వార్డుకి వెళ్ళింది. ఎందుకెళ్ళిందో తనకే సరిగ్గా తెలీదు. కింద హెడ్ నర్సు కనబడి భుజం తట్టింది. "నీ చెయ్యి చురుకుతనం వల్లే మనిషి దక్కాడట! డాక్టరుగారు తెగ మెచ్చుకుంటున్నారు." సిస్టర్‌కి ఆ మెప్పు ముల్లులా గుచ్చుకుంది.

వార్డులో పేషెంటు పక్కన ఒక్క మనిషినే ఉండనిస్తారు. ఆ ఒక్క కుర్చీలో ఆడపడుచు కూర్చుంది, పాసు మెళ్ళో వేలాడేసుకుని. భార్య ఎక్కడా అంటే, లిఫ్టు దగ్గర బెంచీ మీద. ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఎవరొచ్చి వెళ్తున్నా కాళ్ళు వెనక్కి ముడుచుకుంటూ కూర్చుని ఉంది. సిస్టర్ని చూసి లేచి నిలబడబోయింది. సిస్టర్ చూడనట్టే దాటేసింది.

"రండమ్మా, రండి!" ఫొటోగ్రాఫర్ దిండుకి చేరబడి నవ్వాడు. పెదవుల వాపు ఇంకా పూర్తిగా పోలేదు. "అక్కా, ఈవిడేనే నా ప్రాణం నిలబెట్టింది."

"చల్లగా ఉండు తల్లీ. నువ్వు లేకపోతే మావాడు దక్కేవాడు కాదు. అవతల దాన్ని చూశావా, కట్టుకున్నది! ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు."

"ఊరుకోవే," అన్నాడు ఆయన. "ఈమధ్య దానికి మతిమరుపెక్కువైంది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది. ఇదీ మర్చిపోయుంటుంది పాపం. నేనేం అనుకోవడం లేదని దానికి చెప్పా కూడాను."

సిస్టర్ ఆయన చెయ్యి పట్టుకుని సూది గుచ్చిన చోటు చూసింది. కమిలి నీలంగా ఉంది.

"మీరు బంతెందుకు నొక్కలేదండీ? గొంతు పట్టేస్తుంటే తెలీలేదా?"

"తెలీకేం? అందరికీ అంతే అన్నారు కదా అని కాసేపు ఊరుకున్నా. తర్వాత నొక్కుదామనుకున్నా. కానీ నొక్కితే చెయ్యి కదులుతుంది, ఫొటో చెడిపోతుంది." ఆయన సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "జన్మంతా జనాన్ని కదలొద్దని కసురుకున్నవాణ్ణమ్మా. ఎవరైనా కదిలితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇప్పుడు నేనే కదిలితే ఆ లోపలి అబ్బాయి ఏమనుకుంటాడు?"

ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. "చచ్చేటప్పుడు కూడా ఫొటో పిచ్చేనా నీకు!"

సిస్టర్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ రోజు తెర వెనక ఉన్న ఈ మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే! చొక్కా విప్పుతూనే అన్నీ చెప్పేవాడు. తిరిగి వెళ్ళేటప్పుడు లిఫ్టు మానేసి, అవతలి వైపు మెట్ల మీంచి దిగింది, తేలు కుట్టిన దొంగలా.

సాయంత్రం ఇంటికెళ్ళాక మొగుడు ఏదో చెప్తున్నాడు. ఈవిడ చెప్పులు విప్పకుండానే కూర్చుని పాదాలు నొక్కుకుంటూ ఊఁ కొడుతోంది.

"ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు చూద్దాం," అన్నాడు ఆయన.

"గ్యాసు బండ సంగతి."

"అది నిన్న! ఇవాళ కుళాయి సంగతి. గోడతో చెప్పుకున్నా కాస్త నయం." ఆయన సరదాకే అన్నాడు, ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. ఈవిడ మాత్రం మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చేసింది. జరిగిందంతా చెప్పింది. ఆయన లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఎవరికీ తెలీదు కదా? మనిషి కూడా బాగానే ఉన్నాడంటున్నావ్. నోరు మూసుకో. చెప్పావంటే నీ ఉద్యోగం ఊడుతుంది, ఇంకేం ఒరగదు."

"ఆవిడకి తెలుసు."

"ఆవిడ మాట ఎవరు నమ్ముతారు?"

నిజమే, ఎవరూ నమ్మరు.

మర్నాడు డాక్టరుగారు వార్డుకొచ్చారు. సిస్టర్ని కూడా పిలిపించారు. విషయమేమిటంటే, ఆపరేషన్ చేసే సర్జనుగారికి ఆ ఒక్క విడత ఫొటోలు చాలవట. గడ్డకి నెత్తురు ఎటునుంచి వస్తోందో పూర్తిగా తెలిస్తే గానీ కత్తి పెట్టనన్నారు. అంటే మళ్ళీ రంగుమందు ఎక్కించాల్సిందే.

"ఈసారి వేరే రకం మందు. ముందు రోజు నుంచే మాత్రలిస్తాం, స్కానుకి ముందు ఇంకో సూది. నేను పక్కనే ఉంటా. అయినా నూటికి నూరుపాళ్ళు ఏమీ కాదని చెప్పలేను. ఇంట్లోవాళ్ళందరికీ తెలియాలి." డాక్టరుగారు చుట్టూ చూశారు. "ఈయన భార్య ఏరి?"

బెంచీ మీంచి పిలుచుకొచ్చారు. ఆవిడ మంచం కాళ్ళ దగ్గర, దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది.

"ఇదెందుకు డాక్టరుగారూ?" ఆడపడుచు అందుకుంది. "ఈసారి నేనుంటా వాడితో. అడిగినదానికి జవాబు చెప్పడం కూడా రాదు దీనికి. దీన్ని ఆ గది గుమ్మం తొక్కనివ్వను."

ఆవిడ దుప్పటి అంచుని వేలికి చుట్టుకుంటోంది. ఫొటోగ్రాఫర్ కిటికీ వైపు చూస్తున్నాడు. ఇంక సిస్టర్ వల్ల కాలేదు. అనేసింది.

"సార్, ఆవిడ చెప్పారు. ఇంతకుముందు ఇలాంటి మందుకే దద్దుర్లొచ్చాయని నాతో చెప్పారు. పాత మందులే అని నేనే కొట్టిపారేశాను. తప్పు నాది."

డాక్టరుగారి మొహం ముందు తెల్లబోయి, తర్వాత ఎర్రబడింది. ఆడపడుచు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సిస్టర్ ఫొటోగ్రాఫర్ భార్య వైపు చూసింది. ఏడుస్తుందనుకుంది, దణ్ణం పెట్టినా పెడుతుందనుకుంది. గుండెల మీంచి బండ దిగినట్టుంది సిస్టర్‌కి.

"లేదండీ డాక్టరుగారూ," అంది ఆవిడ. గొంతు చిన్నదే గానీ ఎక్కడా తడబడలేదు. "సిస్టర్ ఇంకెవరో అనుకుంటున్నారు. ఎంతమందిని చూస్తారు పాపం! నేను చెప్పలేదు. మర్చిపోయాను."

డాక్టరుగారు ఒకసారి ఆవిణ్ణీ ఒకసారి ఈవిణ్ణీ చూశారు. నమ్మడానికి ఏది సుఖంగా ఉందో అదే నమ్మారు. "సిస్టర్, నీకు రెస్టు సరిపోవడం లేదు," అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు.

"చూశావా, దాని నోటితోనే అంది!" అంటోంది ఆడపడుచు.

సిస్టర్ లిఫ్టు దగ్గర ఆవిణ్ణి పట్టుకుంది. "ఎందుకలా అన్నారమ్మా? నేను నిజమే చెప్పాను కదా!"

"చెప్పారు. మీ మనసులో బరువు దింపుకున్నారు, బాగానే ఉంది." ఆవిడ బెంచీ మీద కూర్చుని సంచీ మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "డాక్టరుగారు నమ్మితే ఏమయ్యేది? మిమ్మల్ని అక్కణ్ణుంచి తీసేసేవారు. మా ఆయనకి సూది పెట్టడానికి ఎవరో కొత్తమ్మాయి వచ్చేది. ఆ అమ్మాయికీ తల ఎత్తే తీరిక ఉండదు. మళ్ళీ నేను మొదట్నుంచి చెప్పుకోవాలి, వింటే వింటుంది, లేకపోతే లేదు. మీకైతే ఒకసారి దెబ్బ తగిలింది. ఆయన బల్ల మీదున్నంతసేపూ మీ కళ్ళు ఆయన మీదే ఉంటాయి. నాకు మీరే కావాలి."

సిస్టర్ బెంచీ చివర కూర్చుంది. "మీకు నా మీద కోపం లేదా?" అని అడిగింది.

"ఎందుకు లేదు? బోలెడుంది. ముందు స్కాను కానివ్వండి."

స్కాను రోజున కారిడారు మళ్ళీ కిటకిటలాడుతోంది. సిస్టర్ ఎవరి చేతికీ సూది పెట్టకుండా ముందు ఫొటోగ్రాఫర్‌ని కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుని, అన్నీ ఆయన్నే అడిగింది. భార్యనీ లోపలికి పిలిచింది. గుమ్మంలో ఆడపడుచు అడ్డం వస్తే, "మీరు బయటుండండమ్మా, నాకు ఈవిడ కావాలి," అని తలుపు వేసేసింది. నిన్నట్నుంచి మింగిన మాత్రల దగ్గర్నుంచి, చిన్నప్పుడు తేనెటీగ కుడితే చెయ్యి వాచిన సంగతి వరకూ మొగుడూ పెళ్ళాం ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పారు. తలుపవతల జనం గొణుగుతున్నారు. గొణుక్కోనీ.

"ఈసారి ఫొటో తగలబడినా పర్లేదు," అంది సిస్టర్ బంతి చేతిలో పెడుతూ. "గొంతులో ఏమాత్రం తేడాగా ఉన్నా, దగ్గొచ్చినా, దురద పుట్టినా నొక్కండి. నొక్కకపోతే నేనూరుకోను."

డాక్టరుగారు అద్దం ఇవతల నిలబడ్డారు. ఎర్ర ట్రే మూత తీసి పెట్టారు. మందు ఇంకా మొదలే పెట్టలేదు, గంట మోగింది. సిస్టర్ పరిగెత్తింది, వెనకాల డాక్టరుగారు పరిగెత్తారు.

"ఏమైందండీ?"

"ముక్కు దురద," అన్నాడు ఫొటోగ్రాఫర్. "నొక్కమన్నారుగా!"

సిస్టర్ ఆయన ముక్కు గోకింది. డాక్టరుగారు నోట్లోనే ఏదో తిట్టుకుని నవ్వేశారు.

మందు వెళ్ళింది. సిస్టర్ అద్దానికి మొహం ఆనించి కళ్ళార్పకుండా ఆయన మెడే చూస్తోంది. అన్ని విడతలూ అయిపోయాయి. మెడ మామూలుగానే ఉంది. బల్ల మీంచి దింపి, పక్క గదిలో చాలాసేపు కూర్చోబెట్టి, పెదవులూ అరచేతులూ చూసి, గొంతు విని, మళ్ళీ చూసింది. ఒక్క దద్దురు కూడా లేదు. చక్రాల కుర్చీ ఎక్కించి వార్డుకి పంపించేశాక గోడకి చేరబడింది.

తలుపు తోసుకుని ఫొటోగ్రాఫర్ భార్య లోపలికొచ్చింది. చేతిలో సంచీ లేదు.

"ఆ రోజు మీరు వినలేదు. సరే, ఊపిరాడని పని, నేనూ చూశాను," అంది. ఇప్పుడా గొంతు వణుకుతోంది. "కానీ బయట డాక్టరుగారు నన్ను అరుస్తుంటే మీ మొహంలోకి చూశాను చూడండి. మీరు ట్రే చూసుకున్నారు. అది మాత్రం పని వల్ల కాదు."

"కాదు," అంది సిస్టర్.

"మా ఆయన నన్ను క్షమించాడు. తెలుసా మీకు? నా చెయ్యి నిమిరి, పోనీలే, మర్చిపోయుంటావు, నేనేమీ అనుకోవడం లేదన్నాడు. చెయ్యని తప్పుకి తలొంచుకుని ఊఁ అన్నాను. మా వదిన తిట్లు ఎన్నైనా పడతాను, నాకలవాటే. ఆయన క్షమించడం మాత్రం నా వల్ల కావడం లేదు సిస్టర్."

ఆవిడ చీర కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"లిఫ్టు ఇంకా రాలేదు. ఆయనా ఉన్నాడు, మా వదినా ఉంది, డాక్టరుగారు కూడా అక్కడే నిలబడ్డారు. మొన్న వార్డులో అన్న మాట ఇప్పుడు మళ్ళీ అనండి. ఈసారి నేను కాదనను. పదండి."

సిస్టర్ చేతి తొడుగులు తీసి డబ్బాలో వేసింది. తలుపు తెరుచుకోగానే కారిడార్లో జనమంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. వాళ్ళెవరికీ కూర్చోమని చెప్పకుండా, ఆవిడ వెనకాలే లిఫ్టు వైపు నడిచింది.